బుల్లియ్య కాసిన కుర్చీ

బొండులంకకి వంతెన పడ్డాక అక్కడికి చేరడం ఎంత తేలికైందో, చేరాక ఎక్కడున్నామో పోల్చుకోవడం అంత కష్టమైంది. పన్నెండేళ్ల తర్వాత వస్తున్న మణిశంకర్‌కి కారు వంతెన దిగుతుండగానే ఆ సంగతి తెలిసిపోయింది. మధ్యాహ్నం మూడు కావస్తోంది. ఆగస్టు నెల, మబ్బు పట్టి ఉంది. కింద గోదావరి ఎర్రగా, నిండుగా, చప్పుడు లేకుండా సాగిపోతోంది.

"పంటు రేవు ఎక్కడుండేదిరా శంకరం?" అన్నాడు కారు నడుపుతున్న జయపాల్.

మణిశంకర్ కిటికీ అద్దం దించి చూశాడు. మనుషుల్నీ స్కూటర్లనీ ఏరు దాటించే పంటు వచ్చి ఆగే రేవు ఉండాల్సిన చోట మూడంతస్తుల పార్కింగు ఉంది. రేవు పక్కన ఉండాల్సిన కొబ్బరితోట అసలే లేదు. దాని బదులు సిమెంటుతో చేసిన కొబ్బరిచెట్లు, వాటికి చుట్టిన రంగు బల్బులు. నిజం చెట్లు కొట్టేసి అబద్ధం చెట్లు నాటడానికి ఎంత తెలివి ఉండాలో మరి.

ఇద్దరూ కొవ్వూరు హైస్కూల్లో పాతికేళ్లు కలిసి పనిచేసిన మేష్టార్లు. మణిశంకర్ లెక్కలు, జయపాల్ సైన్సు. రెండో శనివారం వచ్చిందంటే ఇంట్లో ఏదో మీటింగని చెప్పి, ఇద్దరూ బొండులంక వచ్చి రమ్మీ ఆడేవారు. అప్పట్లో లంకంతా కలిపి నాలుగు పెంకుటిళ్ల క్లబ్బులు. పంటు దిగగానే "బాబుగారూ, మీ కుర్చీ తుడిచి పెట్టానండి" అంటూ బేరర్లు ఎదురొచ్చేవారు. ఆకలేస్తే అరిటాకులో చేపల పులుసు, నిద్రొస్తే వరండాలో నులకమంచం. ఎవరి మజ్జిగలో ఉప్పెక్కువ ఉండాలో, ఎవరికి ముక్కలు బాగోకపోతే కళ్లజోడు తుడుచుకుంటారో ఆ బేరర్లకి తెలిసినంత ఇంట్లోవాళ్లకి తెలియదు.

ఇప్పుడా లంకని అందరూ గోదావరి గోవా అంటున్నారు. ఎక్కడ చూసినా అద్దాల హోటళ్లు. కారు ఆపితే డబ్బు, గడప తొక్కితే డబ్బు, మంచినీళ్ల సీసా సినిమా టిక్కెట్టంత. వచ్చినవాళ్ల ముంజేతికి ఒక రబ్బరు పట్టీ తగిలిస్తారు. ఆ పట్టీకి నంబరుంటుంది, మనిషికి పేరుండదు. పాతవాళ్లెవరైనా వచ్చి ఇక్కడ ఫలానా క్లబ్బుండేదండీ అంటే కౌంటర్లో పిల్లలు నవ్వి మెనూ కార్డు చేతికిస్తారు.

"నేను లోపలికి రానురా," అన్నాడు జయపాల్, కారు పార్కింగులో ఆపి. "ఆ వరద తర్వాత చర్చిలో మోకరించి ఒట్టేసుకున్నాను, పేకాట జరిగే చోట కాలుపెట్టనని. నువ్వెళ్లు. వెతుకు. కనపడగానే చెయ్యాల్సింది చేసేసి రా."

"కనపడుతుందంటావా?"

"కనపడాలి. ఉమాశ్రీ మొహం చూసొచ్చాంగా."

మణిశంకర్ ఫోను తీసి ఇంటికి చేశాడు. వదిన మాణిక్యాంబ ఎత్తింది. మణిశంకర్ భార్య ఉమాశ్రీకి స్వయానా అక్క. పొద్దున్నే కబురు పెడితే రాజమండ్రి నుంచి వచ్చి చెల్లెలి దగ్గర కూర్చుంది.

"ఎలా ఉంది వదినా?"

"అలాగే కూర్చుని ఉంది మరిదిగారూ. కాళ్లు మంచుగడ్డలు. పొద్దున చీలమండల దాకా అందా, ఇప్పుడు మోకాళ్ల దాకా వచ్చాయంటోంది నీళ్లు. నేల చూస్తే పొడిగా ఉంది. నాకు భయంగా ఉందయ్యా."

ఇదంతా ఎక్కడ మొదలైందో మణిశంకర్‌కి తెలుసు. జయపాల్‌కి సగం తెలుసు. మిగతా సగం మణిశంకర్ ఎవరికీ చెప్పలేదు.

పాత క్లబ్బులో ఒక పద్ధతి ఉండేది. ఆట మధ్యలో ఎవరైనా ఏ చుట్టకో, ఫోనుకో లేవాల్సి వస్తే, వెనక నిలబడ్డ బేరర్ ఆ కుర్చీలో కూర్చుని ముక్కలు పట్టుకోవాలి. దాన్ని కుర్చీ కాయడం అనేవారు. అసలు మనిషి తిరిగొచ్చి, భుజం మీద చెయ్యి వేసి, 'లే' అని తను కూర్చోవాలి. అప్పటిదాకా కాసేవాడు లేవకూడదు. ముక్కలు ఎవరి కంటా పడనివ్వకూడదు. వేరే ఎవరు చెప్పినా ఆ మాట చెల్లదు.

బుల్లియ్య అనే బేరర్ ఒకసారి ఆ పద్ధతి తప్పాడు. మణిశంకర్ కుర్చీ కాస్తూ, వంటింట్లో పాలు పొంగుతున్నాయని లేచి వెళ్లాడు. మణిశంకర్ తిరిగొచ్చి ఖాళీ కుర్చీ చూసి నానా యాగీ చేశాడు. బడిలో పిల్లల మీద ఎగిరినట్టు ఎగిరాడు. క్లబ్బువాళ్లు బుల్లియ్యని నెల్లాళ్లు పనిలోంచి తీసేశారు. తిరిగొచ్చాక బుల్లియ్య చేతులు కట్టుకుని, "ఇంకెప్పుడూ లేవనండి బాబుగారూ, మీరొచ్చి లేపేదాకా లేవనండి," అన్నాడు. మణిశంకర్ అప్పుడు గొప్పగా తలాడించాడు.

ఆ మరుసటేడు ఆగస్టులోనే వరదొచ్చింది. ధవళేశ్వరం దగ్గర హెచ్చరిక ఇచ్చారన్నా ఆటగాళ్లు లేస్తారా. ఏరు ఎంతవరకు వచ్చిందో చూద్దామని మణిశంకర్ లేచాడు. "ఓ చేయి చూస్తుండు బుల్లియ్యా, ఇప్పుడే వస్తా," అన్నాడు. రేవుకి వెళ్లేసరికి పంటువాడు కేకలు పెడుతున్నాడు, ఇదే ఆఖరిదని, ఇంక నలుగురికే చోటుందని. క్లబ్బు రెండు నిమిషాల నడక. వెళ్లి ఒక్క మాట చెప్పి రావచ్చు. కానీ వచ్చేసరికి ఆ చోటు ఉండదు. మణిశంకర్ పంటెక్కాడు.

గట్టు మీంచి నీళ్లు దూకినప్పుడు జయపాల్ అదే బల్ల దగ్గర ఉన్నాడు. "లేవరా బుల్లియ్యా" అని రెక్క పట్టి లాగాడు. "అయ్యగారు లేపాలండి. ఇప్పుడే వస్తానన్నారండి," అన్నాడట బుల్లియ్య. జయపాల్ కొబ్బరిచెట్టు కరుచుకుని బతికాడు. నాలుగో రోజు నీరు తీశాక చూస్తే, బల్లలూ బీరువాలూ కొట్టుకుపోయిన ఆ గదిలో ఒక్క కుర్చీ ఉన్నచోటే ఉంది. బుల్లియ్య దాంట్లోనే ఉన్నాడు. పదమూడు ముక్కలూ గుండెకి ఆనించి పట్టుకుని ఉన్నాడు, ఎవరికీ కనపడకుండా.

మణిశంకర్‌ని పంటెక్కే జనం లాక్కెళ్లిపోయారని అందరూ అనుకున్నారు. మణిశంకర్ కాదనలేదు.

మరుసటి ఆగస్టు నుంచి అతను కూర్చోబోయే కుర్చీలు తడిగా ఉండడం మొదలైంది. స్టాఫ్ రూములో కుర్చీ. బస్సులో సీటు. మంగలి షాపులో కుర్చీ. లేచి చూసుకుంటే పంట్లాం వెనక ఎర్రటి మరక. రాజమండ్రి డాక్టరు మూత్రం జబ్బన్నాడు, మాత్రలిచ్చాడు. మంగలి మొహం తిప్పుకుని సీటు మీద పేపరు పరవడం మొదలెట్టాడు. సెప్టెంబరులో ఏరు తగ్గగానే అంతా మామూలైపోయేది. ఇన్నేళ్లూ ఆ సిగ్గు మింగి ఊరుకున్నాడు. తనొక్కడికే కదా అనుకున్నాడు.

ఈ ఏడు హెచ్చరిక వచ్చిన రోజు ఉమాశ్రీ చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ హాల్లో అతని పేము కుర్చీలో కూర్చుంది. గంటసేపు లేవలేకపోయింది. మర్నాడు మళ్లీ వెళ్లి దాంట్లోనే కూర్చుంది, సాయంత్రం దాకా ఉండిపోయింది. ఇది మూడో రోజు. తెల్లవారుజామునే కూర్చుని ఉంది. ఇద్దరు మగాళ్లు పట్టి లేపినా కుర్చీ లేచింది గానీ మనిషి అందులోంచి రాలేదు. "నన్ను లేపడానికి మీరు చాలరండి. అయ్యగారు ఆ కుర్చీ దగ్గరికి రావాలి," అంది భర్త మొహంలోకే చూస్తూ. ఆ గొంతు ఆవిడదే. ఆ మాట మాత్రం మణిశంకర్‌కి ఎవరిదో తెలుసు.

అందుకే వచ్చాడు. పన్నెండేళ్ల కిందట చెప్పాల్సిన ఒక్క మాట చెప్పి వెళ్దామని.

*

కౌంటర్లో ఫోను నంబరు రాసుకుని ముంజేతికి పట్టీ తగిలించారు. లోపలికి వెళ్లగానే పగలు పోయింది.

ఆ హాలుకి కిటికీలు లేవు. గోడ మీద గడియారం లేదు. నల్లటి కప్పులోంచి నీలం దీపాలు. బల్లల చుట్టూ జనం ఉన్నారు గానీ ఎవరూ ఎవరితో మాట్లాడుకోవడం లేదు. ముక్కలు పంచడానికి మనుషులు కూడా లేరు. బల్లలోనే ఒక తెర, తెర మీద బొమ్మ ముక్కలు. వేలితో తాకితే తిరగబడుతున్నాయి. అత్తరు వాసన, కొత్త కార్పెట్ వాసన. మణిశంకర్‌కి పాత క్లబ్బులో చుట్టపొగ, చేపల పులుసు కలిసిన వాసన గుర్తొచ్చింది.

ఎక్కడని వెతుకుతాడు? లంకనంతా ఇసుకపోసి ఆరడుగులు ఎత్తు చేశారు. ఆ పెంకుటిల్లు, ఆ గది, ఆ చోటు ఈ కార్పెట్ కింద ఎక్కడో ఉండాలి. రేవు నుంచి రెండు నిమిషాల నడక అని లెక్కేసుకుని అడుగులు వేశాడు. గోడ అడ్డొచ్చింది. వెనక్కొచ్చి ఇంకోవైపు నుంచి లెక్కేశాడు. అన్ని బల్లలూ ఒకేలా ఉన్నాయి. ఒక సెక్యూరిటీ అతన్ని అడిగితే హిందీలో ఏదో అన్నాడు. తిరిగి తిరిగి చూసుకునేసరికి తను లోపలికొచ్చిన తలుపు ఎటుందో కూడా తెలియలేదు.

ఫోను మోగింది.

"నడుం దాకా అంటోంది మరిదిగారూ," అంది మాణిక్యాంబ. "చీర తడిసిపోతోందని ఎత్తి పట్టుకుంటోంది. ఎక్కడున్నారు మీరు?"

"వచ్చేస్తున్నా వదినా," అన్నాడు. ఎక్కడికి వచ్చేస్తున్నాడో అతనికే తెలియదు.

అప్పుడు వాసన తగిలింది.

అత్తరు కాదు. బురద వాసన. వరద తీసేశాక ఇళ్లలో నెల్లాళ్లు వదలని కుళ్లుగడ్డి, చచ్చిన చేప, నానిన గోడ... ఆ వాసన. మణిశంకర్ దాని వెనకే నడిచాడు. హాలు మూలకి వచ్చేసరికి దీపాలు తగ్గాయి. అక్కడొక బల్ల, తెర ఆర్పేసి ఉంది. చుట్టూ తాడు కట్టి 'మరమ్మతులో ఉంది' అని బోర్డు పెట్టారు. ఏడు కుర్చీలు. ఏడో కుర్చీ దగ్గర ఒక ముసలావిడ గొంతుక్కూర్చుని గుడ్డతో తుడుస్తోంది. యూనిఫాం చీర, పక్కన బకెట్టు.

ఆవిడ గుడ్డ పిండింది. బకెట్టులో పడ్డ నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇక్కడ ఆడరండి బాబుగారూ," అంది తలెత్తి. "ఆ పక్కకెళ్లండి."

"ఎందుకు తడిసింది ఈ కుర్చీ?"

"ఏసీ కారుతోందంటాడండి మా సూపర్‌వైజరు. ఏసీ నీళ్లు ఎర్రగా ఉంటాయాండి?" ఆవిడ చిన్నగా నవ్వింది. "ప్రతి ఏడూ ఇంతేనండి, ఈ నెల్లో. మూడుసార్లు కుర్చీ మార్చారు. నేనే తుడుస్తుంటాను. వేరేవాళ్లు ఈ మూలకి రారండి."

"మీది ఏ ఊరు?"

"ఆయ్, ఇదే ఊరండి. అంటే, ఇప్పుడు ఊరు లేదనుకోండి. మమ్మల్ని గట్టు అవతల కాలనీలో పెట్టారు. పేరు సంపూర్ణమ్మ." గుడ్డ మళ్లీ కుర్చీ మీద పరిచింది. "మా ఆయన ఇక్కడే పాత క్లబ్బులో బేరర్ అండి. ఆ పెద్ద వరదలో పోయాడు. ఎవరో బాబుగారు కుర్చీ కాయమని చెప్పి, ఇప్పుడే వస్తానని వెళ్లారంట. ఈయన లేవలేదు. మాటంటే అంత మొండండి."

మణిశంకర్ బల్ల చుట్టూ కట్టిన తాడు పట్టుకున్నాడు.

"ఆ బాబుగారు... ఎవరో తెలుసా?"

"తెలీదండి. ఆయనేం చేస్తారు పాపం, ఆయన్నీ ఏరే పట్టుకుపోయుంటుంది. లేకపోతే వచ్చేవారు కదండి." ఆవిడ మోకాళ్లు పట్టుకుని లేచింది. "ఈ నీళ్లు పారబోసొస్తాను. మీరిక్కడ నిలబడకండి, జలుబు చేస్తుంది."

బకెట్టు మోసుకుంటూ వెళ్లింది. మణిశంకర్ ఒక్కడూ మిగిలాడు.

హాల్లో చప్పుళ్లన్నీ ఎక్కడో దూరంగా, గోడ అవతల ఉన్నట్టు వినిపిస్తున్నాయి. తాడు దాటి వెళ్లాడు. ఏడో కుర్చీ ఖాళీగా ఉంది. ఇప్పుడే తుడిచిన సీటు మీద అప్పుడే నీళ్లు ఊరుతున్నాయి. అంచు దాకా వచ్చి కింద పడుతున్నాయి. టప్... టప్...

చెయ్యి చాచాడు. కుర్చీ వీపు మీద వేద్దామని. వేళ్లు వీపుని తాకలేదు.

మధ్యలో ఏదో తగిలింది. తడి గుడ్డ. గుడ్డ కింద ఎముక. మనిషి భుజం.

కళ్లకి ఏమీ కనపడటం లేదు. చేతికి మాత్రం తెలుస్తోంది. సన్నటి భుజం, చల్లటిది. ఊపిరి లేదు. అయినా కదులుతోంది, ఎవరో మెల్లగా తల తిప్పుతున్నట్టు.

"బుల్లియ్యా," అన్నాడు. మళ్లీ అన్నాడు. "బుల్లియ్యా... లే."

టప్... టప్...

"వచ్చేశారాండి."

చెవి పక్కనే. గోదారి నీళ్లు నోట్లో పెట్టుకుని మాట్లాడినట్టు.

"ఆలస్యమైందండి. ఫర్లేదండి. ముక్కలు ఎవరికీ చూపించలేదండి."

"లే బుల్లియ్యా. వెళ్లిపో. నేను చెబుతున్నాగా..."

"మీరు కూర్చోండి మరి. మీరు కూర్చుంటే నేను లేస్తాను. అదేగా పద్ధతి."

మణిశంకర్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అవును, అదే పద్ధతి. అసలు మనిషి కూర్చుంటేనే కాసేవాడు లేస్తాడు. ఆ పద్ధతి కోసమే కదా తను ఆ రోజు అంత యాగీ చేసింది. దారి పొడుగునా ఒక్క మాట చెబితే చాలనుకుంటూ వచ్చాడు. తను కూర్చోవాల్సి ఉంటుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. అనుకుని ఉంటే వచ్చేవాడు కాదేమో. ఆ ఆలోచన రాగానే తన మీద తనకే అసహ్యం వేసింది.

ఫోను మోగింది. మాణిక్యాంబ మాట్లాడటం లేదు, ఏడుస్తోంది.

"గొంతు దాకా... గొంతు దాకా వచ్చేశాయంటోంది. తల పైకెత్తి ఊపిరి తీస్తోంది మరిదిగారూ. పెదాలు నల్లబడిపోయాయి. ఏదో ఒకటి చెయ్యండి..."

వెనక నుంచి ఉమాశ్రీ గొంతు వినపడింది. గుటకలు మింగుతున్న గొంతు. "ఆయన... వచ్చారా... అక్కా..."

మణిశంకర్ కుర్చీ వంక చూశాడు. కూర్చోవాలి. రెండడుగులు. పెళ్లాం కోసం రెండడుగులు వెయ్యలేడా? వేశాడు కూడా. సీటు మీద నీళ్లు నల్లగా మెరిశాయి. ఆ నీళ్లకి అడుగు కనపడలేదు. కుర్చీ సీటు మీద నిలిచిన కాసిని నీళ్లే అవి. అయినా ఎంత లోతున్నాయో తెలియలేదు.

కాళ్లు కదలలేదు.

"తుడిచానుగా, మళ్లీ వచ్చాయా?" అంది సంపూర్ణమ్మ వెనక నుంచి. ఖాళీ బకెట్టు కింద పెట్టింది. అతని మొహం చూసి కంగారుపడింది. "ఏంటి బాబుగారూ, అలా ఉన్నారు? ఒంట్లో బాలేదా?"

ఆ తర్వాత మాట తను ఎలా అన్నాడో మణిశంకర్‌కి బతికున్నంతకాలం అర్థం కాదు. అనుకుని అనలేదు. నోటికి అలవాటున్న మాట కాబట్టి వచ్చేసింది.

"అమ్మా, ఫోను మాట్లాడి వస్తాను. ఓ క్షణం ఈ కుర్చీలో కూర్చుంటావా? ఇప్పుడే వస్తా."

ఆవిడ అతని వంక చూసింది. ఏం అర్థమైందో, ఏం అర్థం కాలేదో. ఒక్క క్షణం ఆవిడ కళ్లలో ఏదో కదిలి ఆగింది. పనివాళ్లని ఆ కుర్చీల్లో కూర్చోనివ్వరు. ఏళ్ల తరబడి తుడుస్తున్నా ఒక్కసారి కూడా కూర్చున్న మనిషి కాదు.

"అలాగేనండి," అంది. "నడుములు లాగేస్తున్నాయి. మీరొచ్చేదాకా కూర్చుంటాను."

చీర సర్దుకుని కూర్చుంది.

ఆవిడ కూర్చోగానే కార్పెట్ మీద తడి అడుగు ఒకటి పడింది. దాని పక్కన ఇంకొకటి. మనిషి లేని అడుగులు, వేళ్లు విడివిడిగా పడుతున్న చెప్పుల్లేని అడుగులు. కొంచెం దూరం వెళ్లి ఆగాయి. తిరిగి ఆవిడ వైపు రెండడుగులు వచ్చాయి. మళ్లీ ఆగాయి. ఆ తర్వాత గోడ వైపు, ఏరున్న వైపు వెళ్లిపోయాయి.

సంపూర్ణమ్మ అవి చూడలేదు. తన కాళ్ల వంక చూసుకుంటోంది.

"ఎంత చల్లగా ఉందో," అంది మెల్లగా.

మణిశంకర్ పరిగెత్తాడు.

*

కారు వంతెన ఎక్కుతుండగా ఫోను వచ్చింది. "లేచింది మరిదిగారూ," అంది మాణిక్యాంబ. "ఉన్నట్టుండి లేచి నిలబడింది. నడుస్తోంది. ఆకలేస్తోందంటోంది." మణిశంకర్ మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. జయపాల్ ఒక చేత్తో అతని వీపు నిమిరాడు, దేవుడికి స్తోత్రం అన్నాడు.

వంతెన సగం దాటారు. ఫోను మళ్లీ మోగింది. ఈసారి తెలియని నంబరు. జయపాల్ స్పీకరు నొక్కాడు.

"సార్, కెమెరాలో మీ రిస్ట్‌బ్యాండ్ నంబరు చూసి చేస్తున్నాం. రిసార్టు నుంచి." ఎవరో కుర్రగొంతు, కంగారుగా. "మా హౌస్‌కీపింగ్ ఆవిడ ఒకావిడ సీట్లోంచి లేవట్లేదు సార్. నలుగురం లాగినా రావట్లేదు. మీరొచ్చి లేపాలంటోంది. ఇప్పుడే వస్తానన్నారంట కదా సార్. కాళ్లకి నీళ్లొస్తున్నాయంటోంది. ఇక్కడ నీళ్లేం లేవు సార్."

జయపాల్ బండి ఆపాడు. కింద ఏరు చప్పుడు లేకుండా పోతోంది.

"ఎవరావిడ?" అన్నాడు.

మణిశంకర్ చెప్పాడు.

"తిప్పనా?"

రెండు నిమిషాల దూరం. అద్దాల హోటళ్లు వెనక కనపడుతూనే ఉన్నాయి.

"ముందు ఉమని చూడనీరా. ఒక్కసారి కళ్లతో చూస్తే గానీ... చూసి బయల్దేరదాం. ఇప్పుడే వచ్చేద్దాం."

జయపాల్ అతని వంక చూశాడు. బండి ముందుకి కదిలింది. కొవ్వూరు చేరాక వీధి చివర దించేసి, లోపలికి రాకుండానే, మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు జయపాల్. మళ్లీ ఆ రాత్రే ఒక్కడూ కారు వేసుకుని లంకకి వెళ్లాడనీ, ఒట్టు పక్కనపెట్టి లోపలికెళ్లి సంపూర్ణమ్మ చెయ్యి పట్టుకుని లాగాడనీ, అతను లేపితే చెల్లలేదనీ తర్వాత తెలిసింది.

ఇంట్లో దీపాలు వెలుగుతున్నాయి. మాణిక్యాంబ అలసిపోయి లోపలి గదిలో పడుకుంది. ఉమాశ్రీ వంటింట్లో కాఫీ కలుపుతోంది. బుగ్గలకి రంగొచ్చింది. భర్తని చూసి నవ్వింది. మణిశంకర్ గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. జరిగిందేదీ ఆవిడకి చెప్పకూడదనుకున్నాడు. ఎప్పటికీ చెప్పకూడదనుకున్నాడు.

"ఎలా లేచావు ఉమా?" అన్నాడు.

"ఎవరో భుజం మీద చెయ్యి వేశారండి. ఆడమనిషి చెయ్యి. పనిచేసి పనిచేసి గరుకెక్కిన చెయ్యి. 'లేమ్మా, నేను కూర్చుంటాలే' అంది. కలో ఏమో." గ్లాసులు తీసుకుని హాల్లోకి నడిచింది. "రండి, చల్లారిపోతుంది."

హాల్లో పేము కుర్చీ ఖాళీగా ఉంది. దాని సీటు అల్లిక మాత్రం కిందికి సాగి ఉంది, బరువున్న మనిషెవరో కూర్చున్నట్టు. కింద గచ్చు మీద ఒక చుక్క పడింది. ఎర్రటి చుక్క. టప్...

ఏమనాలో అతనికి తెలుసు. ఆ మాట అంటే తర్వాత ఏం చెయ్యాలో కూడా తెలుసు. నోరు తెరిచాడు. మూశాడు.

ఉమాశ్రీ కుర్చీ ముందు ఆగింది. ఇంటికొచ్చిన మనిషి మాట వింటున్నట్టు కొంచెం వంగి, తలాడించింది. తర్వాత భర్త వైపు తిరిగి, మామూలుగా, ఎవరి కబురో అందిస్తున్నట్టు చెప్పింది.

"నడుం దాకా వచ్చాయటండి. మీరు బయల్దేరారా అని అడుగుతోంది."